నడిమి పీట ఎవరిది?

(చెన్నైలోని కొన్ని తెలుగు భజన మండళ్ల సభ్యులు కలుసుకున్న సభలో చేసిన ప్రసంగానికి లిఖితరూపం)

సభకు నమస్కారం.

ఉమ్మడి పూజామందిరాన్ని అమర్చుకోవడం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నేను కొంత వెనుకాడాను. నేను ఆగమం చదివినవాణ్ణి కాను. బ్యాంకులో ముప్పై ఏళ్లు లెడ్జర్లు రాసి, ఇప్పుడు మా మండలికి కార్యదర్శినన్న పేరుతో చీపురు నుంచి చిల్లర లెక్క దాకా చూసుకుంటున్నవాణ్ణి. అయితే మా మండలిలో ఈ ఒక్క విషయం మీద పదకొండు నెలలు చర్చ నడిచింది. ఆ మినిట్స్ పుస్తకం నా చేతిరాతలోనే ఉంది. కనుక శాస్త్రం చెప్పే అర్హత నాకు లేకపోయినా, జరిగింది చెప్పే అర్హత మాత్రం ఉందనుకుంటున్నాను.

పశ్చిమ మాంబళంలో ఒక పెద్దావిడ ఇంట్లో ఇరవై ఎనిమిదేళ్లు మా భజన సాగింది. ఆమెను మేమందరం పిన్నిగారు అనే పిలిచేవాళ్లం. ఆవిడ దేవుడి గదిలో పెద్ద శ్రీరామ పట్టాభిషేకం పటం ఉండేది, దాని ముందు కూర్చుని పాడేవాళ్లం. నడుమ రాముడే ఎందుకుండాలి, పక్కన అమ్మవారి పటం ఎందుకు లేదు అని ఆ ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఇల్లు ఆవిడది, ఇష్టదైవం ఆవిడది, మనం అతిథులం. అతిథి వెళ్లిన ఇంట్లో దేవుడి పటాలు జరపడు కదా. పిన్నిగారు పోయాక పిల్లలు ఇల్లు అమ్మేశారు. మేము రెండు వీధుల అవతల ఒక మేడమీది గది అద్దెకు తీసుకున్నాం. ఆ రోజుతో మాలో ఎవరమూ అతిథులం కాకుండా పోయాం, చిక్కు అక్కడే మొదలైంది.

మొదటి శనివారం తలా ఒక పటం తెచ్చుకోమన్నాం. అది నా సలహాయే, ఆ తప్పు నాదే. ఇరవై మూడు పటాలు వచ్చాయి. తిరుమల వేంకటేశ్వరుడు నాలుగు సైజుల్లో, కాళహస్తీశ్వరుడు, రాజరాజేశ్వరి, మంత్రాలయ రాఘవేంద్రులు, షిర్డీ సాయి, అయ్యప్ప, కంచి పరమాచార్య, ఒకరి కులదేవత, ఒకరి గురువు, ఇంకొకరు దండ వేసి తెచ్చిన తమ తండ్రిగారి ఫొటో. అన్నీ ఒక మడత బల్ల మీద పేర్చాం. బల్లకు ఒక కాలు కాస్త పొట్టి. రెండో పాట సగంలో ఎవరో తాళం గట్టిగా వేసేసరికి చివరనున్న పటం జారి కింద పడి అద్దం పగిలింది. గదిలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. ఒకాయన మెల్లగా, "ఆయన్ని చివరకు తోశారు, అందుకే" అన్నారు. కాలు పొట్టి అని చెప్పబోయి నేనూ ఊరుకున్నాను.

ఆ తరువాతి వారం ఒక చెల్లెమ్మ బొమ్మల కొలువులాగా మెట్లు కట్టుకుందాం అన్నది. చెన్నైలో ఉన్న మనకు కొలువు అలవాటైన సంగతే, బేసి సంఖ్యలో మెట్లు, పైన తెల్లగుడ్డ. నిజానికి అది అందమైన ఆలోచన. కానీ కొలువులో పై మెట్టు అనేది ఒకటుంటుంది. కలశం, దేవుళ్లు పైన, మనుషులు, చెట్టియారు దుకాణం కింద. తొమ్మిది రోజుల కొలువులో ఆ ఎత్తుపల్లాలు ఎవరికీ పట్టవు, ఎందుకంటే పండుగ కాగానే అన్నీ మళ్లీ పెట్టెల్లోకి వెళ్లిపోతాయి. ఏడాది పొడవునా ఉండే మందిరంలో సాయిబాబాను మూడో మెట్టు మీద కూర్చోబెట్టండి అని ఆయన భక్తుడితో ఎవరు చెబుతారు? ఆ ప్రతిపాదన ఒక్క సాయంత్రం కూడా నిలవలేదు.

అప్పుడు మాలో శాస్త్రం తెలిసిన ఒక పెద్దాయన పంచాయతన పూజను గుర్తు చేశారు. దీని గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఒకే పీఠం మీద పలువురు దేవతలను కూర్చోబెట్టే సమస్యను మన పూర్వులు ఎంత సూటిగా ఎదుర్కొన్నారో అందులో కనిపిస్తుంది. శివుడు, విష్ణువు, అంబిక, సూర్యుడు, గణపతి, ఈ ఐదుగురికీ ఒకే పళ్లెంలో పూజ చేసే ఈ పద్ధతిని స్మార్త సంప్రదాయం ఆదిశంకరులకు ఆపాదిస్తుంది. ఐదుగురికీ ఐదు రాళ్లు. శివుడికి నర్మద బాణలింగం, విష్ణువుకు గండకీ నది సాలగ్రామం, గణపతికి శోణ నదిలో దొరికే ఎర్రరాయి, సూర్యుడికి తంజావూరు దగ్గర వల్లం స్ఫటికం, అంబికకు మన కాళహస్తి పక్కన పారే స్వర్ణముఖి నది రాయి. ముఖాలు, చేతులు, ఆయుధాలు లేని రాళ్లు కనుక ఎవరి విగ్రహం పెద్దది, ఎవరిది చిన్నది అన్న పోలికకు అక్కడ చోటే లేదు. ఇక అమరిక విషయానికొస్తే, శివుణ్ణి నడుమ పెట్టుకున్నవారు ఈశాన్యంలో విష్ణువును, ఆగ్నేయంలో సూర్యుణ్ణి, నైరుతిలో గణపతిని, వాయవ్యంలో అంబికను ఉంచుతారు. అదే విష్ణువును నడుమ పెట్టుకుంటే ఈశాన్యంలోకి శివుడు, ఆగ్నేయంలోకి గణపతి, నైరుతిలోకి సూర్యుడు వస్తారు, అంబిక మాత్రం వాయవ్యంలోనే ఉంటుంది. ఐదు అమరికలకూ మూలలు ఎవరివో శ్లోకంలో చెప్పి పెట్టారు. నడుమ ఎవరుండాలి అన్నది మాత్రం చెప్పలేదు. దాన్ని పూజ చేసేవాడి ఇష్టానికి వదిలేశారు.

ఇది విని మేమంతా సంతోషించాం, సమస్య తీరిందనుకున్నాం. రాత్రి ఇంటికి వెళ్లాక నాకు తట్టింది, తీరలేదు సరికదా, అసలు ముడి ఇప్పుడే కనబడిందని. పంచాయతనం ఇంటి పూజ. ఒక ఇంట్లో ఒక కర్త ఉంటాడు, నడుమ అతని ఇష్టదైవం ఉంటుంది. పక్కింట్లో మరొకరు నడుమ ఉంటే తగువు లేదు, మధ్యలో గోడ ఉంది కదా. ముప్పై ముగ్గురు సభ్యులున్న మండలికి ఇష్టదైవం ఎవరు? సంఘానికి కర్త ఎవరు? శాస్త్రం వ్యక్తికి ఇచ్చిన స్వేచ్ఛ అది, దాన్ని సంఘం ఎవరో ఒకరి పేరు మీద వాడుకుంటే మిగిలినవారి స్వేచ్ఛ మూలల్లోకి జరుగుతుంది.

ఇక్కడ మన భజన పద్ధతినే ఒకసారి తలచుకోండి. మరుదానల్లూరు సద్గురుస్వామి వంటి మహనీయులు స్థిరపరచిన సంప్రదాయంలో తోడయమంగళంతో మొదలుపెడతాం, గురుధ్యానం చేస్తాం, జయదేవుడి అష్టపది పాడతాం, నారాయణతీర్థుల తరంగం పాడతాం, రామదాసు, పురందరదాసు, సదాశివ బ్రహ్మేంద్రులు, త్యాగరాజు అందరూ వస్తారు. సంస్కృతం, తెలుగు, కన్నడం, తమిళం, మరాఠీ అన్నీ వినిపిస్తాయి. శివుడి మీద పాడినప్పుడు విష్ణువుకు చోటు తగ్గిందని ఇంతవరకూ ఏ భాగవతుడూ అలగలేదు. ఎందుకంటే పాట కాలంలో సాగుతుంది, కాలంలో అందరికీ వంతు వస్తుంది. పటం స్థలంలో ఉంటుంది, స్థలంలో నడుమ అనేది ఒక్కటే. మా పదకొండు నెలల చర్చలో నాకు అర్థమైన విషయం ఇదొక్కటే అని చెప్పినా తప్పులేదు. వంతులతో ఏళ్ల తరబడి హాయిగా ఉన్నవాళ్లం, పీట దగ్గరకు వచ్చేసరికి తగవులాడుకున్నాం.

అలాగైతే పీటకు కూడా వంతులు పెట్టేద్దాం అన్నారు కుర్రవాళ్లు. వారానికొక దైవం నడుమకు వస్తారు. మూడు నెలలు నడిపాం. ఐదో శనివారం వచ్చిన నెలలో ఎవరి వంతు, వైకుంఠ ఏకాదశి దగ్గరపడ్డ వారం అయ్యప్ప వంతైతే ఏం చేయాలి, ఇలాంటి ప్రశ్నలతో నా పుస్తకంలో ఎనిమిది పేజీలు నిండాయి. దేవుళ్లకు డ్యూటీ చార్టు వేసినట్టుందని ఒక తల్లి అన్నారు. ఆ మాటతో అది ఆగిపోయింది.

ఒకసారి ఓటు కూడా పెట్టాం, దాచడం దేనికి. నడుమ వేంకటేశ్వరుడు ఉండాలని పంతొమ్మిదిమంది, వద్దని పద్నాలుగుమంది. లెక్క సరిగ్గానే ఉంది, నేనే రెండుసార్లు లెక్కపెట్టాను. తరువాతి శనివారం ఆ పద్నాలుగుమందిలో ముగ్గురే వచ్చారు. గదిలో శృతిపెట్టె మోగుతున్నా ఖాళీ చాపలు కనబడుతుంటే పాట నిలబడలేదు. గెలిచినవాళ్లే ఆ తీర్మానాన్ని వెనక్కు తీసుకుందాం అన్నారు. అప్పటినుంచి మా మండలిలో దేవుడి విషయంలో చేతులెత్తడం లేదు.

ఇలాంటి తగవు మనలాంటి సామాన్యులకే వస్తుందనుకోకండి. హిమాలయాల్లోని మాయావతిలో 1899లో అద్వైతాశ్రమం మొదలుపెట్టినప్పుడు, అక్కడ విగ్రహాలు, పటాలు, బాహ్యపూజ ఏవీ ఉండకూడదని నియమం పెట్టుకున్నారు. 1901 జనవరిలో వివేకానందస్వామి అక్కడికి వెళ్లి చూస్తే, ఆశ్రమవాసులు కొందరు ఒక గదిలో ఆయన గురువు శ్రీరామకృష్ణుల పటం పెట్టి రోజూ పూజ చేస్తున్నారు. ఆయన నొచ్చుకున్నారు, నియమం సంగతి గట్టిగానే గుర్తు చేశారు, కానీ ఆ పటం తీసేయండి అని ఆజ్ఞాపించలేదు. బేలూరుకు తిరిగి వచ్చాక, ఆ ముసలాయన లేని చోటు ఒక్కటైనా ఉంటుందనుకుంటే అక్కడా చేరిపోయాడని నవ్వుతూ చెప్పుకున్నారట. మరుసటి ఏడాది ఆ పూజను వారే మానుకున్నారు. మనసు ఒప్పక ఒక సాధువు శ్రీరామకృష్ణుల భార్య శారదాదేవికి ఉత్తరం రాస్తే, మన గురువు అద్వైతి, ఆయన శిష్యులైన మీరూ అద్వైతులే అన్న అర్థంలో ఆమె జవాబిచ్చారు. పటాన్ని పూజించుకునే ఆమె ఆ మాట చెప్పారు, అది గమనించాలి. తీసేయమనే అధికారం పూర్తిగా ఉన్న వివేకానందస్వామి ఆ అధికారాన్ని వాడకుండా ఏడాది ఆగడం నన్ను ఆకట్టుకుంది. ఆ సంగతి మా సమావేశంలో చదివి వినిపించిన రోజున, నాలుగు శనివారాల నియమం పుట్టింది. ఏ అమరికనైనా నాలుగు శనివారాలు ఉంచి చూడాలి, అంతవరకు దాని గురించి ఎవరూ మాట్లాడకూడదు, గోడకు ఒక్క మేకు కూడా కొట్టకూడదు. మేకు కొట్టకూడదన్న షరతు ఇంటి యజమాని పెట్టినదే. మేము దాన్ని సిద్ధాంతం చేసుకున్నాం.

ఇక దీపం సంగతి. భజనలో దివ్యనామం వేళకు గది నడుమ దీపం పెట్టి, అందులో స్వామిని భావించి, చుట్టూ తిరుగుతూ పాడడం మనందరికీ తెలుసు. ఆ దీపాన్నే ఎప్పటికీ నడుమ ఉంచేస్తే ఎలా ఉంటుంది అని అడిగింది ఒక కాలేజీ అమ్మాయి. దక్షిణాదిలో దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. మన చెన్నైలోనే ఏళ్లు గడిపిన తమిళ సాధువు రామలింగ వళ్లలార్ 1872లో వడలూరులో సత్యజ్ఞానసభను తెరిచారు. అందులో నడుమ ఉన్నది జ్యోతి, దాని ముందు ఏడు రంగుల తెరలు, తైపూసం నాడు, అంటే తమిళుల తై నెల పుష్యమి నాడు, ఆ తెరలన్నీ తొలగించి జ్యోతిదర్శనం చేయిస్తారు. మేము ఒక వ్యానులో వెళ్లి చూసి వచ్చాం. అంత జనంలో నాకు కనబడింది ఒక క్షణం వెలుగే, కానీ తిరుగు ప్రయాణంలో వ్యానులో ఎవరూ మాట్లాడుకోలేదు.

అయినా దీపం విషయంలో ఒక అభ్యంతరం వచ్చింది, అది చిన్నది కాదు. దీపం దేవుడికి పెట్టేది గాని దేవుడు ఎలా అవుతుంది అని ఒకాయన అడిగితే, సంధ్యవేళ ప్రతి ఇంట్లో చెప్పుకునే దీపం జ్యోతిః పరబ్రహ్మ అన్న శ్లోకం ఆయనకు జవాబుగా సరిపోయింది. కానీ వెనుక వరుసలో కూర్చునే ఒకావిడ, ఏడాది కిందట కొడుకును పోగొట్టుకున్నావిడ, "అన్నయ్యగారూ, కళ్లు లేని దేవుడి ముందు నేనెలా ఏడవను?" అన్నారు. దానికి మా దగ్గర శ్లోకం లేదు. ఆ రోజు మినిట్స్‌లో ఆ మాట ఒక్కటే రాసి పుస్తకం మూసేశాను.

చివరకు కుదిరిన అమరిక ఆవిడ మాట నుంచే వచ్చింది. వెనుక గోడ వెంట ఒక పొడవాటి టేకు పలక, దాని మీద పటాలన్నీ ఒకే వరుసలో. పటం ఎంత పెద్దదైనా, చిన్నదైనా, లోపలి దైవం కళ్లు మాత్రం ఒకే ఎత్తులో ఉండేలా కింద చెక్కలు పెట్టి సర్దాం. ఆ ఎత్తు చాప మీద కూర్చున్నవారి చూపుకు అందేది. దానికోసం మా వడ్రంగి రెండు రోజులు కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని కొలిచాడు. అతను క్రైస్తవుడు, తన గుడిలో ఇలాంటి ఇబ్బంది లేదని నవ్వాడు. తరువాత తనే, ఉందిలేండి, పూలు ఎవరు పెట్టాలని ఉంది, అన్నాడు. గది నడుమ ఇత్తడి సెమ్మెలో ఐదు వత్తుల దీపం. సరిగ్గా నడుమ అంటే అక్కడ పైన ఫ్యాను ఉంది, వేస్తే దీపం ఆరుతుంది, వేయకపోతే మే నెలలో మనుషులు ఆరిపోతారు. కాబట్టి మా నడుమ రెండడుగులు తూర్పుకు జరిగింది. వాస్తు తెలిసినవారు అందులోనూ ఒక మంచి అర్థం కనిపెట్టారు, కాదనడం దేనికని నేను ఊరుకున్నాను. పండుగనాడు ఆ పండుగకు చెందిన పటం దీపం ముందున్న చిన్న పీటకు వస్తుంది, మంగళహారతి కాగానే తిరిగి తన చోటికి వెళ్తుంది.

ఈ రాకపోకలు మనకు కొత్త కాదు. పసుపు గణపతిని చేసుకుంటాం, ఆవాహన చేస్తాం, పూజ ముగిశాక యథాస్థానం అని ఉద్వాసన చెబుతాం. వారానికి ఒక్కసారి తాళం తీసే గదికి ఇదే తగిన పద్ధతి. మాలో ఒక పెద్దాయన తన వంశంలో వచ్చిన సాలగ్రామాన్ని మండలికి ఇస్తానన్నారు. ఇంట్లో కొడుకు, కోడలు పూజ చేయరని ఆయన బెంగ. ఆ కానుకను కాదనడానికి నాకు నోరు రాలేదు. కానీ సాలగ్రామానికి రోజూ అభిషేకం, నైవేద్యం ఉండాలి, ఆదివారం నుంచి శుక్రవారం దాకా ఎవరు చేస్తారు? ప్రతిష్ఠ జరిగిన విగ్రహాలకూ ఇదే చిక్కు, పటానికైతే ఆ నిర్బంధం లేదు. ఆయన ఇప్పుడు శనివారం సాయంత్రం సాలగ్రామాన్ని తులసి ఆకులతో చిన్న వెదురుబుట్టలో తెస్తారు, పీట మీద ఉంచుతారు, రాత్రి తీసుకువెళ్తారు. ఆటోలో ఒడిలో పెట్టుకుని కూర్చుంటారు. ఆ బుట్టను మోయడానికి ఈమధ్య మనవడు కూడా వస్తున్నాడు.

అమరిక అంటే వస్తువులది మాత్రమే అనుకున్నాం గాని, దాన్ని ఎవరు తాకాలి అన్న ప్రశ్న వెనకాలే వచ్చింది. మడి, మైల, ఆడ, మగ, అన్నీ వచ్చాయి. ఆ సాయంత్రం మాటలు నేను ఇక్కడ చెప్పను. తిరువయ్యారు సంగతి మాత్రం చెబుతాను. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందిన చోట, శిథిలమవుతున్న సమాధికి మందిరం కట్టించింది గాయని బెంగుళూరు నాగరత్నమ్మ. మదరాసులో పాడి సంపాదించిన సొమ్మును ఆవిడ అక్కడ ఖర్చు పెట్టారు. అప్పటికే అక్కడ ఆరాధన రెండు పక్షాలుగా చీలి జరుగుతుండేది, ఆ రెండింటిలోనూ ఆడవాళ్లకు పాడే చోటు లేదు. తాను కట్టించిన గుడిలో తానే పాడలేని ఆవిడ, 1927లో స్త్రీలకు వేరే ఆరాధన మొదలుపెట్టారు. 1940లో అందరూ ఒకటయ్యాక ఇప్పుడు మనం చూసే రూపం వచ్చింది. ఈ కథ చెప్పి నేను కూర్చున్నాను. మా మండలిలో సెమ్మె తోమేదెవరు, వత్తులు వేసేదెవరు అన్నది చీటీలు వేసి తీస్తున్నాం, పేర్లలో ఎవరినీ వదలలేదు. రాను అనుకున్న వారం ఎవరైనా తమ చీటీ పక్కవారికి ఇవ్వవచ్చు, కారణం అడగం. ఊరి సభకు మనుషులను ఎంచడానికి కుండలో చీటీలు వేసి లోకజ్ఞానం లేని పిల్లవాడి చేత తీయించడం ఇక్కడికి దగ్గరలోని ఉత్తరమేరూరులో పరాంతక చోళుడి కాలంలోనే, 919, 921 సంవత్సరాల శాసనాల్లో ఉంది. మా చీటీలు తీసేది వాచ్‌మన్ కూతురు. గత నెల చింతపండుతో సెమ్మె తోమే వంతు నాకు వచ్చింది. ఐదు వత్తుల గూళ్లలో పేరుకున్న నూనెజిడ్డు వదిలించడానికి గంటన్నర పట్టింది.

కుదరని సంగతులూ ఉన్నాయి. జీవించి ఉన్న గురువుల ఫొటోలు పలక మీద పెట్టాలా వద్దా అన్నది తేలలేదు. పెడితే ఒకరికి, పెట్టకపోతే ఇంకొకరికి బాధ. ఒక దంపతులు ఈ విషయం మీదే మానేశారు. వాళ్లను బజారులో కలిసినప్పుడు బాగున్నారా అంటాను, బాగున్నామంటారు, అంతకన్నా మాట సాగదు. గతించిన పెద్దల ఫొటోలకు దక్షిణపు గోడ పక్క వేరే బల్ల పెట్టాం. దండ వేసిన ఆ తండ్రిగారు ఇప్పుడు అక్కడ ఉన్నారు.

పోయిన నెల పిన్నిగారి అబ్బాయి హైదరాబాదు నుంచి ఒక పెద్ద పార్సిలు పంపాడు. ఆ పట్టాభిషేకం పటమే. అమ్మ మీకే ఇవ్వమంది, ఇన్నాళ్లు ఆలస్యం చేశాను, అని చీటీ రాశాడు. చట్రంతో కలిపి నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు. మా పలక వెడల్పు పది అంగుళాలు. రాముడి కళ్లను మిగిలినవారి కళ్ల ఎత్తుకు దించాలంటే పలకను కోయాలి. చట్రం ఊడదీద్దామంటే ఎవరికీ చేయి రావడం లేదు. ప్రస్తుతానికి పటాన్ని తలుపు పక్క గోడకు ఆనించి, చెప్పుల స్టాండును మెట్ల కిందకు మార్చాం. దీపం చుట్టూ తిరిగేటప్పుడు ఆ మలుపులో ఒక్కసారి రాముడు ఎదురుపడతాడు, పాతవాళ్ల గొంతు అక్కడ కాస్త తగ్గుతుంది. అలా ఉంచి రెండు శనివారాలైంది, ఇంకా రెండు గడిచేదాకా మాలో ఎవరూ దాని గురించి మాట్లాడకూడదు. మీకు ఆ నిబంధన లేదు కనుక, ఒకసారి వచ్చి చూసి మీకేం తోస్తుందో చెప్పండి. శనివారం సాయంత్రం ఆరు గంటలకు తాళం తీస్తాం.